తేలికైన టెర్మినల్ అంటే ఎంత తేలిక? ట్యాబులు, ర్యామ్, తెలుగు అక్షరాల లెక్క

2025 అక్టోబర్ 14న విశాఖకు సంబంధించి రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. మొదటిది అందరికీ తెలిసిందే. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ కడతామని గూగుల్ ఆ రోజే ప్రకటించింది. రెండోది విశాఖ పేరు లేని వార్త. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ అదే రోజుతో ఆగిపోయింది. మొదటి వార్త గురించి ఊరంతా మాట్లాడుకుంది. రెండోది చడీచప్పుడు లేకుండా ఇళ్లలోని పాత డెస్క్‌టాప్‌ల మీద పడింది.

విండోస్ 11 వేయాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అవి లేని మిషన్ ఉన్నవాళ్లలో కొందరు 2026 అక్టోబర్ దాకా దొరికే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లతో నెట్టుకొస్తున్నారు. కొందరు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటున్నారు. క్లౌడ్, సర్వర్ ఉద్యోగాల మీద కన్నేసి ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలకైతే లినక్స్ ఎలాగూ తప్పదు. లినక్స్ వేసిన రెండో రోజుకే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ట్యాబులు ఉండాలి, మిషన్‌కి బరువు కాకూడదు, అలాంటి టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, ఏది?

పదిమందిని అడిగితే పది పేర్లు చెబుతారు. విచిత్రం ఏమిటంటే వాళ్లలో చాలామంది చెప్పేది నిజమే. ఒక్కొక్కరు ఒక్కో బరువును కొలుస్తున్నారు, అంతే. ఆ బరువులు ఏమిటో విడదీసి చూస్తే పేర్ల గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

ఆ నల్ల కిటికీలో ఎవరి పని ఏది

టెర్మినల్, షెల్ అనే రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. అవి రెండు వేర్వేరు ప్రోగ్రాములు. మీరు టైప్ చేసిన ఆదేశాన్ని అర్థం చేసుకుని పని జరిపించేది షెల్, అంటే బాష్ లాంటిది. మీ కీబోర్డు నొక్కులను షెల్‌కి చేరవేసి, అటునుంచి వచ్చిన అక్షరాలను, రంగులను తెర మీద గీసేది టెర్మినల్. అందుకే టెర్మినల్ మార్చినా ఆదేశాలు మారవు, మీరు నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

దాన్ని ఎమ్యులేటర్ అని ఎందుకంటారంటే, అది ఒక పాత యంత్రంలా నటిస్తుంది. ఒకప్పుడు పెద్ద కంప్యూటర్ ఒకచోట ఉండేది, దాని ముందు తెర, కీబోర్డు కలిసిన పెట్టెలు వైరుతో తగిలించి ఉండేవి. వాటిలో బాగా పేరు పొందినది డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100. దాని తెర మీద వరుసకు 80 అక్షరాలు, మొత్తం 24 వరుసలు. ఇవాళ మీరు కొత్తగా టెర్మినల్ తెరిస్తే కిటికీ చాలాసార్లు అదే కొలతలో వస్తుంది. కర్సర్‌ని జరపడానికి, రంగు మార్చడానికి ప్రోగ్రాములు పంపే రహస్య సంకేతాల్లో చాలా భాగం ఆ కాలం నుంచి వస్తున్నవే. 1984లో మొదలైన ఎక్స్‌టర్మ్ ఆ యంత్రాన్ని కిటికీలోకి తెచ్చింది. అది ఇప్పటికీ బతికే ఉంది, ఇప్పటికీ ట్యాబులు లేవు.

మధ్యలో ఇంకో భాగం ఉంది. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఒక ఉత్తుత్తి తీగను సృష్టించి ఒక కొస టెర్మినల్‌కి, రెండో కొస షెల్‌కి ఇస్తుంది. దీన్ని పీటీవై అంటారు. ఈ తీగ గుర్తుంటే ట్యాబుల సంగతి సులువుగా అర్థమవుతుంది.

ట్యాబ్ తెరిచినప్పుడు లోపల జరిగేది

కొత్త ట్యాబ్ అంటే కొత్త పీటీవై, దాని చివర కొత్త షెల్. ఐదు ట్యాబులుంటే ఐదు షెల్‌లు. ఆ షెల్‌ల బరువు మీరు ఏ టెర్మినల్ వాడినా అంతే. తేడా అంతా గీసే వైపు ఉంటుంది: ఐదింటినీ ఒకే ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రాము) గీస్తోందా, ఒక్కోదానికి ఒక్కో ప్రాసెస్ ఉందా?

గ్నోమ్ టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, ఎల్‌ఎక్స్‌టెర్మినల్ మొదటి దారి పట్టాయి. ట్యాబులే కాదు, విడివిడి కిటికీలు తెరిచినా వెనక మామూలుగా ఒకే ప్రాసెస్ ఉంటుంది. ర్యామ్ తగ్గించడానికే అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతున్నామని ఎల్‌ఎక్స్‌టెర్మినల్ తన పరిచయంలోనే చెప్పుకుంటుంది. రెండో కిటికీ చటుక్కున తెరుచుకోవడానికి కారణం కూడా ఇదే. అప్పటికే అన్నీ లోడై ఉంటాయి.

దీనికి ఒక ఖరీదు ఉంది. ఆ ఒక్క ప్రాసెస్ కూలితే అన్ని ట్యాబులూ పోతాయి. తెర పోగానే ప్రతి షెల్‌కి హ్యాంగప్ సిగ్నల్ వెళ్తుంది, అందులో నడుస్తున్న పనులు మామూలుగా ఆగిపోతాయి. రెండు గంటలుగా నడుస్తున్న డేటాబేస్ బ్యాకప్ ఒక ట్యాబ్‌లో, ఎందుకు పనికొస్తుందో తెలియని ప్రయోగం పక్క ట్యాబ్‌లో ఉన్నాయనుకోండి, రెండింటి తలరాతా ఒకటే. ఆచరణలో ఈ టెర్మినళ్లు అంత తేలిగ్గా కూలవు. కానీ ఒక్కో కిటికీకి ఒక్కో ప్రాసెస్ ఉండాలని పట్టుబట్టేవాళ్లు చెప్పే కారణం ఇదే, అందులో పస ఉంది.

కొత్తవాళ్లను తికమక పెట్టే చిన్న సంగతి ఇంకొకటి. బ్రౌజర్‌లో కంట్రోల్, టి నొక్కితే ట్యాబ్ వస్తుంది, ఇక్కడ రాదు. టెర్మినల్‌లో కంట్రోల్‌తో కలిపిన అక్షరాలు ముందునుంచే షెల్ సొత్తు. కంట్రోల్, సి నడుస్తున్న పనిని ఆపేస్తుంది. అందుకే ట్యాబ్‌కి, కాపీకి, పేస్ట్‌కి షిఫ్ట్ కూడా కలపాలి. ట్యాబుల మధ్య మారడానికి చాలావాటిలో కంట్రోల్‌తో పేజ్‌అప్, పేజ్‌డౌన్.

ర్యామ్ అంకెలు ఎందుకు నమ్మలేం

సిస్టమ్ మానిటర్ తెరిచి "ఈ టెర్మినల్ 55 ఎంబీ తింటోంది, అది 30 ఎంబీయే తింటోంది" అని పోల్చడం అందరూ చేసేదే. ఆ అంకె చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

ఎంవీపీ కాలనీలో నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకోండి. వాచ్‌మన్ జీతం నెలకు 8,000. నాలుగు ఇళ్లవాళ్లూ ఎవరికి వాళ్లు తమ ఖర్చుల పుస్తకంలో వాచ్‌మన్ జీతం 8,000 అని పూర్తిగా రాసుకుంటే, నాలుగు పుస్తకాలు కూడినవాడికి వాచ్‌మన్ ఖర్చు 32,000 కనిపిస్తుంది. నిజానికి జేబులోంచి పోయేది ఇంటికి 2,000.

ప్రోగ్రాములు వాడే లైబ్రరీలు కూడా అంతే. కిటికీలు, మెనూలు, ఫాంట్లు గీసే కోడ్ ర్యామ్‌లో ఒక్కసారే ఉంటుంది, దాన్ని అందరూ పంచుకుంటారు. ఆర్‌ఎస్‌ఎస్ అనే కొలత పంచుకున్నదాన్ని కూడా ప్రతి ప్రోగ్రాము ఖాతాలో పూర్తిగా రాసేస్తుంది. పీఎస్‌ఎస్ అనే కొలత ఎంతమంది పంచుకుంటే అన్ని వాటాలు వేస్తుంది. స్మెమ్ అనే చిన్న సాధనం పీఎస్‌ఎస్‌ని చూపిస్తుంది.

లెక్క చూద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకే. ఒక టెర్మినల్‌కి సొంతంగా 15 ఎంబీ, పంచుకునే లైబ్రరీలు 40 ఎంబీ అనుకుందాం. నాలుగు కిటికీలు నాలుగు ప్రాసెస్‌లుగా తెరిస్తే ఆర్‌ఎస్‌ఎస్ ప్రకారం ఒక్కోటి 55, మొత్తం 220 ఎంబీ. పీఎస్‌ఎస్ ప్రకారం ఒక్కోటి 15కి 10 కలిపి 25, మొత్తం 100. అవే నాలుగు ట్యాబులను ఒకే ప్రాసెస్ గీస్తూ, ఒక్కో అదనపు ట్యాబ్‌కి 3 ఎంబీ పడుతుందనుకుంటే 40, 15, 9 కలిపి 64. ఒకే పని, మూడు అంకెలు. మొదటి అంకె చూసి భయపడినవాడు టెర్మినల్ మార్చేస్తాడు. అవసరం లేకపోయినా.

ఇంకాస్త ముందుకెళ్దాం. ఆ 40 ఎంబీ లైబ్రరీని టెర్మినల్ కిటికీలే కాదు, కింద ప్యానెల్, ఫైల్ మేనేజర్, నెట్‌వర్క్ గుర్తు కూడా అప్పటికే వాడుకుంటూ ఉంటే? అప్పుడు టెర్మినల్ కొత్తగా మోపే భారం ఇంకా తక్కువ. అసలు కిటుకు ఇక్కడే ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే వంటివి జీటీకే అనే లైబ్రరీ మీద నడుస్తాయి. కేడీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అయితే క్యూటీ మీద. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ దాదాపు ఉన్న సరంజామాతోనే సర్దుకుంటుంది. అదే డెస్క్‌టాప్ మీద కేడీఈ వారి కాన్సోల్‌ని ఒంటరిగా తెస్తే క్యూటీ, దాని మీద కేడీఈ లైబ్రరీలు అన్నీ దానికోసమే ర్యామ్‌లోకి రావాలి, డిస్క్‌లో కూడా చోటు కావాలి. కేడీఈ డెస్క్‌టాప్ ఉన్నవాడికి అదే కాన్సోల్ తేలిక. ఏది తేలికో చెప్పాలంటే ముందు మీ డెస్క్‌టాప్ ఏదో తెలియాలి. అది అడగకుండా పేరు చెప్పేవాళ్ల సలహాను నేనైతే పక్కన పెడతాను.

ఇంకో విషయం. సాకురా, రాక్స్‌టర్మ్, టెర్మినేటర్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, ఎల్‌ఎక్స్‌టెర్మినల్, గ్నోమ్ టెర్మినల్ పేరుకు ఆరు. లోపల అక్షరాలు గీసే ఇంజన్ ఒకటే, దాని పేరు వీటీఈ. కాబట్టి వీటి మధ్య వేగంలో, అక్షరాలు కనిపించే తీరులో పెద్ద తేడా వెతకడం దండగ. తేడాలన్నీ చుట్టూ ఉన్న మెనూల్లో, సెట్టింగుల్లో, కిటికీని ముక్కలు చేసే సదుపాయాల్లో ఉంటాయి. టెర్మినేటర్ పైథాన్‌లో రాసినది కాబట్టి దానితోపాటు పైథాన్ కూడా ర్యామ్‌లోకి వస్తుంది. 2025లో ఉబుంటు 25.10 డిఫాల్ట్‌గా తెచ్చిన టిక్సిస్ కూడా వీటీఈ బిడ్డే. అయితే అది జీటీకే 4 వెర్షన్ వాడుతుంది, జీటీకే 3 మీద నడిచే డెస్క్‌టాప్‌లో దాన్ని వేస్తే పంచుకునేవాళ్లు తగ్గుతారు.

పాత వరుసల మూట

టెర్మినల్ బరువు గురించి మాట్లాడేవాళ్లు తరచుగా మరిచిపోయేది స్క్రోల్‌బ్యాక్. పైకి జరిపి చూసుకోవడానికి దాచి ఉంచే పాత వరుసలు ఇవి. ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో మామూలుగా 1,000 వరుసలు, గ్నోమ్ టెర్మినల్‌లో 10,000.

ఒక్కో గడిలో అక్షరం, దాని రంగు, వెనక రంగు, బోల్డా కాదా వంటివన్నీ దాచాలి. గడికి 12 బైట్లు అనుకుందాం. 80 గడుల వెడల్పుతో 10,000 వరుసలంటే 8 లక్షల గడులు, సుమారు 96 లక్షల బైట్లు, అంటే 10 ఎంబీ లోపే. ఇప్పుడు పెద్ద మానిటర్ కొని కిటికీని 200 గడుల వెడల్పు చేసి, ఎందుకైనా మంచిదని లక్ష వరుసలు దాచమన్నారనుకోండి. 2 కోట్ల గడులు, 24 కోట్ల బైట్లు. ఒక్క ట్యాబ్‌కి దాదాపు 240 ఎంబీ. నాలుగు ట్యాబుల్లో లాగ్‌లు, అంటే ప్రోగ్రాములు రాసే చిట్టాలు, పారుతూ ఉంటే ఒక జీబీ దగ్గరికి వస్తుంది. ఏ టెర్మినల్ తేలిక అనే చర్చలో 20 ఎంబీ కోసం కొట్టుకుని, ఈ ఒక్క సెట్టింగ్‌తో దానికి పదింతలు పోగొట్టుకోవచ్చు.

అందరూ ర్యామ్‌లోనే దాచరు. వీటీఈ పాత వరుసలను ఎన్‌క్రిప్ట్ చేసి తాత్కాలిక ఫైల్‌లో రాస్తుంది. కాన్సోల్‌లో పరిమితి లేకుండా దాచమంటే అదీ ఫైల్‌లోకే వెళ్తుంది. ర్యామ్ తక్కువ ఉన్న మిషన్‌కి ఇది మేలు, కానీ ఆ తాత్కాలిక ఫోల్డర్ కొన్ని లినక్స్‌లలో ర్యామ్‌లోనే ఉంటుంది, అక్కడ ఈ లాభం చాలావరకు ఆవిరైపోతుంది. సక్‌లెస్ బృందం రాసిన ఎస్టీ అనే చిన్న టెర్మినల్ మరో కొసకు వెళ్లింది. అందులో మామూలుగా స్క్రోల్‌బ్యాకే లేదు.

గ్రాఫిక్స్ కార్డుతో గీస్తే బరువా, తేలికా

గత దశాబ్దంలో వచ్చిన అలాక్రిటీ, కిట్టీ, వెజ్‌టర్మ్, 2024 డిసెంబర్‌లో 1.0 విడుదలైన గోస్టీ, ఇవన్నీ అక్షరాలు గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెబుతాయి. మిగతా పనులకు సీపీయూ ఖాళీగా ఉంటుంది, కాబట్టి ఇవే తేలిక అని వీటి పక్షం వాదన. ఆ చిప్‌తో పని చేయించే ఓపెన్‌జీఎల్‌ని మొదలుపెట్టడానికే ర్యామ్ బోలెడు పోతుంది, ఇవి బరువు అని అవతలి పక్షం. ఇద్దరూ వేర్వేరు వనరుల గురించి మాట్లాడుతున్నారు.

వేగం అనేదాన్ని కూడా రెండు ముక్కలు చేయాలి. కీ నొక్కిన ఎంతసేపటికి అక్షరం తెర మీద కనిపిస్తుందన్నది ఒకటి. లక్ష వరుసల లాగ్‌ని గుమ్మరిస్తే ఎంతసేపట్లో మింగుతుందన్నది రెండోది. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపగలదు, అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. ఒక ప్రోగ్రాము సెకనులో లక్ష వరుసలు పంపితే, కిటికీలో 50 వరుసలు పడతాయనుకున్నా 60 బొమ్మల్లో మహా అయితే 3,000 వరుసలే కనిపిస్తాయి. మిగతా 97,000 మన కంటపడకుండానే పైకి వెళ్లిపోతాయి. కాబట్టి తెలివైన టెర్మినల్ వాటిని గీయదు. అయితే ఆ వరుసల్లోని సంకేతాలను చదవడం మాత్రం తప్పదు. చదవడంలో టెర్మినల్ వెనకబడితే ఆ పీటీవై తీగ నిండిపోయి, అటువైపు ప్రోగ్రాము ఆగి ఎదురుచూస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌ని కోడ్ నుంచి తయారుచేసేటప్పుడు, అంటే బిల్డ్ చేసేటప్పుడు, టెర్మినల్ వల్ల బిల్డే నెమ్మదించడం ఇలా జరుగుతుంది. రోజూ ఆ పని చేసేవాళ్లకు ఇది నిజమైన సమస్య. ఫోల్డర్ల మధ్య తిరుగుతూ నాలుగు ఆదేశాలు ఇచ్చేవాళ్లు జీవితంలో ఈ తేడా గమనించరు.

పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా లేకపోతే కథ తిరగబడుతుంది. అప్పుడు ఓపెన్‌జీఎల్ పనిని ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అనే సాఫ్ట్‌వేర్ నెత్తికెత్తుకుంటుంది, అంటే ఆ భారం మళ్లీ సీపీయూ మీదే పడుతుంది, అదీ చుట్టుదారిలో. కొన్ని పాత చిప్‌ల మీద కావలసిన ఓపెన్‌జీఎల్ వెర్షన్ లేక ఇవి అసలు తెరుచుకోవు. మరోవైపు, వీటీఈ నెమ్మది అనే పాత ఫిర్యాదు కూడా ఇప్పుడు అంతగా నిలవదు. అది చాలా ఏళ్లు సెకనుకు దాదాపు 40 సార్లే తెరను గీసేది. 2024లో గ్నోమ్ 46తో ఆ పరిమితి తీసేశారు.

ట్యాబులు అసలు టెర్మినల్ పనేనా

ఈ జాబితాలో అలాక్రిటీకి లినక్స్‌లో ట్యాబులు లేవు. తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ మీద మాత్రమే నడిచే ఫుట్ అనే టెర్మినల్‌కీ లేవు. చేతకాక కాదు, కావాలనే పెట్టలేదు. కిటికీలను పేర్చడం విండో మేనేజర్ పని, సెషన్లను నిలిపి ఉంచడం టెర్మినల్ లోపల నడిచే టీమక్స్ అనే ప్రోగ్రాము పని, టెర్మినల్ అక్షరాలు గీస్తే చాలు అన్నది వాళ్ల వాదన. ఎస్టీ వాళ్లదీ అదే మాట. ట్యాబులు కావాలంటే ట్యాబ్డ్ అనే వేరే చిన్న ప్రోగ్రాములో ఎస్టీని పొదగాలి, అదీ వేలాండ్‌కి ముందున్న పాత పద్ధతి ఎక్స్11 మీదే. యూఆర్‌ఎక్స్‌వీటీ అనే మరో చిన్న టెర్మినల్‌కి పెర్ల్ భాషలో రాసిన ట్యాబ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, చూడటానికి మాత్రం ముతకగా ఉంటుంది.

కిట్టీ రచయిత కోవిద్ గోయల్, ఈ-బుక్‌ల సాఫ్ట్‌వేర్ కాలిబర్ కూడా ఆయనదే, దీనికి పూర్తిగా ఎదురు నిలిచారు. టీమక్స్ లాంటిది మధ్యలో ఉంటే అది కూడా ఒక టెర్మినల్ ఎమ్యులేటరే కాబట్టి ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు చదవాల్సి వస్తుందని, ట్యాబులు, ముక్కలు టెర్మినల్‌లోనే ఉండటం మేలని ఆయన పక్షం. కిట్టీలో ఆ రెండూ మొదటి నుంచీ ఉన్నాయి.

ఈ తగవులో ఒక విషయం మాత్రం తగవుకు అతీతం. ట్యాబ్ మీ డెస్క్‌టాప్‌లో ఉంటుంది, టీమక్స్ సెషన్ దాన్ని మొదలుపెట్టిన కంప్యూటర్‌లో ఉంటుంది. తుఫాను రోజు మధురవాడలో కరెంటు పోయి, యూపీఎస్ కాసేపు కూసి ఆగిపోయిందనుకోండి. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌తో ముంబైలోని సర్వర్‌కి కలిపిన మీ ఐదు ట్యాబులూ పోతాయి, వాటిలోని పనులకూ ముప్పే. అదే పని సర్వర్‌లో టీమక్స్ లోపల నడుస్తుంటే ఇక్కడ ఏమైనా దానికి పట్టదు. కరెంటు వచ్చాక మళ్లీ కలిపితే వదిలేసిన చోటే కనిపిస్తుంది. కాబట్టి దూరపు సర్వర్లతో పని ఉన్నవాళ్లకు ట్యాబులున్నా టీమక్స్ అవసరమే. సొంత మిషన్ మీద నేర్చుకునేవాళ్లకు, ట్యాబ్ మారడానికి రెండు దశల కీలు బట్టీపట్టమనడం అనవసరపు టెన్షన్.

విశాఖపట్నం రాయడానికి ఎన్ని గడులు

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఇది. తేలిక గురించి రాసే పట్టికల్లో దీనికి గడి ఉండదు.

టెర్మినల్ తెర అంతా సమానమైన గడులు. ఇంగ్లిష్‌లో ఒక అక్షరానికి ఒక గడి, అంతటితో సరి. తెలుగులో అలా కుదరదు. విశాఖపట్నం అనే మాట తీసుకోండి. మన కంటికి వి, శా, ఖ, ప, ట్నం, ఐదు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక యూనికోడ్‌లో అయితే వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా, మొత్తం పది సంకేతాలు. ఫైల్‌లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 30. గడుల లెక్క వేరు. గుడి, దీర్ఘం, పొల్లు చోటు తీసుకోవని యూనికోడ్ వర్గీకరణ, కాబట్టి వాటికి సున్నా గడులు. చివరి సున్నా మాత్రం చోటు తీసుకునే గుర్తుల్లో ఉంది, దానికి ఒక గడి. అలా మొత్తం 7 గడులు. ఐదు, పది, ముప్పై, ఏడు. కర్సర్ ఎక్కడ ఉండాలో షెల్, టెర్మినల్ రెండూ ఒకే అంకె మీద ఒప్పుకోకపోతే బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు తప్పు అక్షరం చెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకా వింత ఏమిటంటే, ఈ వర్గీకరణలో కొమ్ము గుడితో సమానం కాదు. గుడి చోటు తీసుకోనిది, కొమ్ము తీసుకునేది. అందుకే పాత లెక్క ప్రకారం "కి" ఒక గడి, "కు" రెండు గడులు.

గడి గడికీ విడివిడిగా గీసే టెర్మినల్‌లో వత్తులు విరుగుతాయి. ట, పొల్లు ఒక గడిలో పడతాయి, న పక్క గడిలో. ఫాంటుకి మూడూ కలిపి ఇస్తేనే ట కింద న వత్తు వస్తుంది. విడివిడిగా ఇస్తే ట్ న అని కనిపిస్తుంది. వీటీఈ కుటుంబంలో ఈ ఇబ్బంది కనబడుతుంది. కాన్సోల్ అక్షరాలను గుంపుగా క్యూటీ చేత గీయిస్తుంది కాబట్టి వత్తులు కుదిరే అవకాశం ఎక్కువ, దానికి బదులు నిలువు వరుసలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఎమ్‌ఎల్‌టర్మ్ అనే టెర్మినల్ భారతీయ లిపులను కూడా దృష్టిలో పెట్టుకుని రాసినది, రూపం మాత్రం పాతకాలపుది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలని నియమం చేర్చింది. అంటే "ట్నం" అధికారికంగా ఒకటే ముక్క. ఆ నియమాన్ని పాటించే ప్రోగ్రాములు పెరిగేకొద్దీ పరిస్థితి మారుతుంది. అయితే టెర్మినల్, షెల్, లోపల నడిచే ఎడిటర్ మూడూ పాటించాలి, ఒక్కటి పాటిస్తే లెక్క ఇంకా తేడా కొడుతుంది.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే మాత్రం అది టెర్మినల్ తప్పు కాదు. తెలుగు ఫాంటు లేదంతే. నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ వేస్తే డబ్బాలు పోతాయి.

ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకు వత్తులు విరిగినా పని ఆగదు, పేరు లోపల సరిగానే ఉంటుంది. తెలుగు వ్యాసాలు, డేటా రోజంతా శుభ్రం చేసేవాళ్లకు మాత్రం కాన్సోల్ లాంటిది బరువైనా అదే సరైనది. లేదా తెలుగును మామూలు ఎడిటర్‌లో తెరిచి, టెర్మినల్‌ని ఆదేశాలకే ఉంచుకోవచ్చు.

మూడు మిషన్లు, మూడు జవాబులు

మద్దిలపాలెంలో అద్దె గదిలో ఉన్న ఒక డిగ్రీ విద్యార్థి దగ్గర 2012 నాటి డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నాయనుకుందాం. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాడు. దానితో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో ట్యాబులున్నాయి, పైనుంచి జారి వచ్చే కిటికీ కూడా ఉంది. దాన్ని తీసి ఎల్‌ఎక్స్‌టెర్మినల్ వేస్తే మిగిలేది కొద్ది ఎంబీలు. అదే సమయంలో పక్కన తెరిచిన బ్రౌజర్‌లో ఒక్క వీడియో ట్యాబ్ మూసేస్తే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. ఇతనికి ఉన్నదే తేలిక.

మిషన్ ఇంకా పాతది, 2 జీబీయే అయితే ప్రశ్న టెర్మినల్ నుంచి డెస్క్‌టాప్ మీదికి మళ్లుతుంది. లుబుంటు వేస్తే క్యూటెర్మినల్ వస్తుంది, క్యూటీ కుటుంబం కాబట్టి అక్కడ అదే సరి. డెస్క్‌టాపే లేకుండా ఉత్త విండో మేనేజర్‌తో బతకగలిగినవాళ్లకు యూఆర్‌ఎక్స్‌వీటీ, ఎస్టీ నిజంగా మెరుస్తాయి. పంచుకోవడానికి జీటీకే గానీ క్యూటీ గానీ లేనప్పుడు చిన్న ప్రోగ్రాము చిన్నదిగానే ఉంటుంది. ట్యాబుల కోసం టీమక్స్. అది మామూలుగా 2,000 వరుసలే దాస్తుంది.

రుషికొండ ఆఫీసులో 16 జీబీ డెస్క్‌టాప్, మంచి గ్రాఫిక్స్, రోజంతా లాగ్‌లు చూసే ఉద్యోగం ఉన్నామెకు ర్యామ్ లెక్క అసలు అక్కర్లేదు. కిట్టీ, వెజ్‌టర్మ్, గోస్టీ, ఏదైనా హాయిగా నడుస్తుంది. ఆమెకు ఎదురయ్యే చిక్కు వేరే రకం. ప్రతి టెర్మినల్ తన పేరును సర్వర్‌కి చెబుతుంది. వీటీఈ కుటుంబం ఎక్స్‌టర్మ్-256కలర్ అనే పాత పేరు చెప్పుకుంటుంది, దాన్ని గుర్తుపట్టని సర్వర్ అరుదు. కిట్టీ, గోస్టీ తమ సొంత పేర్లు చెప్పుకుంటాయి. ఏళ్లుగా అప్‌డేట్ లేని సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తే ఆ పేరు తెలియక తెర తుడవడం, ఎడిటర్ తెరవడం వంటివి మొరాయిస్తాయి. ఆ టెర్మినల్ వర్ణన ఉన్న చిన్న ఫైల్‌ని సర్వర్‌లో ఒకసారి పెడితే చాలు, కిట్టీకైతే ఆ పనిచేసే సొంత ఎస్‌ఎస్‌హెచ్ సాధనం ఉంది. సర్వర్‌లో ఏమీ పెట్టకూడదని ఆఫీసు నియమమైతే, పేరును ఎక్స్‌టర్మ్-256కలర్ అని మార్చి పంపినా ఎక్కువ పనులు జరుగుతాయి, ఆ టెర్మినల్‌కే ప్రత్యేకమైన కొన్ని సదుపాయాలు మాత్రం ఆ సర్వర్‌లో అందవు.